కొలతల పుస్తకం

మా కొట్లో ఎవరు జాకెట్టు కుట్టమని ఇచ్చినా కొలతలు పైకి చదువుకుంటూ రాసుకుంటాను. పొడవు 14, ఛాతీ 36, నడుము 30, చెయ్యి పొడవు 10. ఆది జాకెట్టు తెచ్చినా సరే, టేపు పెట్టి మళ్లీ చదువుతాను. కొత్తగా వచ్చినవాళ్లు ‘ఎందుకన్నా అంత గట్టిగా’ అని అడుగుతారు. లెక్క తప్పకుండా ఉంటుందమ్మా అంటాను. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. నా గొంతు ఆడుతున్నంతసేపు చెవిలో పడే ఆ రెండు గొంతులూ తగ్గుతాయి.

నాకు స్కిజోఫ్రీనియా. 22వ ఏట మొదలైంది, ఇప్పుడు 41. తెనాలిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. నాకు వినబడేవాళ్లు నాతో మాట్లాడరు, నా గురించి వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు. ‘కత్తెర తీశాడు. ఇప్పుడు కోస్తాడు. చూడు, తప్పు కోస్తాడు.’ ఇద్దరూ మగవాళ్లే. మనసులో అనుకున్నట్టు కాదది, నిజంగానే చెవిన పడుతుంది. పక్కింటాయన గోడ అవతల నుంచి పేరు పెట్టి పిలిస్తే ఎలా వినబడుతుందో అలాగే.

మొదట్లో గాలి సోకిందన్నారు. అమ్మ తాయెత్తు కట్టించింది, దర్గాలో నిద్ర చేయించింది. అమ్మను తప్పు పట్టను, ఆవిడకు తెలిసిన వైద్యం అది. కానీ ఏడాదిన్నర పోయింది. మొదట్లోనే మందు పడితే కోలుకోవడం తేలికని తర్వాత తెలిసి, ఆ ఏడాదిన్నర గురించి ఇప్పటికీ బాధపడతాను. నాకు జబ్బు రాకముందే, 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. అప్పటికి నాకు 17 ఏళ్లు. మా మేస్త్రి దగ్గర కాజాలు కుడుతూ ఆ వార్త పేపర్లో చదివాను. అయిదేళ్లు తిరక్కుండానే నన్నూ అలా ఎక్కడైనా కట్టేసి ఉంచితే కుదురుతాడని సలహా ఇచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. గొలుసు వెయ్యడానికి వీల్లేదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. ఊళ్లలో ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

మందులు మొదలయ్యాక వేరే కష్టాలొచ్చాయి. ముందు రిస్పెరిడోన్ ఇచ్చారు. గొంతులు తగ్గాయి కానీ చేతులు వణికాయి. దర్జీవాడికి చెయ్యి వణికితే ఇంకేముంది? సూదిలోకి దారం ఎక్కించడానికి పావుగంట పట్టేది. కాళ్లు ఒకచోట నిలిచేవి కావు, ఆ రోజుల్లో తొక్కుడు మిషనే నన్ను కాపాడింది. వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ ఇచ్చారు. చేతులు కుదురుకున్నాయి, నోరు ఎండిపోయింది. దారం కొస తడి చేసుకుందామంటే నోట్లో తడి ఉండేది కాదు. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని అందులో వేలు ముంచుకునేవాణ్ణి.

తర్వాత ఓలాంజపైన్‌కు మార్చారు. వణుకు పోయి ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. నా టేపుతో నా నడుమే కొలుచుకుంటే ఆర్నెల్లలో 32 నుంచి 37 అయింది. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా బరువు చూస్తారు, అప్పుడప్పుడు షుగరు పరీక్ష రాస్తారు. పొద్దున పది దాకా కళ్లు తెరుచుకోవు, అందుకే కొట్టు పదకొండుకు తీస్తాను. బద్ధకమనుకునేవాళ్లు అనుకుంటారు. రాత్రి పదింటి దాకా కుడతాననేది వాళ్లకు కనబడదు. మందు గొంతుల్ని పూర్తిగా తీసెయ్యలేదు, దూరం జరిపింది. వెనకటికి నా వీపు వెనక ఉండేవాళ్లు, ఇప్పుడు రోడ్డు అవతల ఉన్నారు.

2016లో ఒకసారి మానేశాను. శ్రావణ మాసం దగ్గర పడుతోంది, చేతినిండా పని, మాత్ర వేసుకుంటే నిద్ర. బాగానే ఉన్నానుగా అనుకున్నాను. మానిన మర్నాడే ఏదైనా అయితే మనిషి జాగ్రత్త పడతాడు. ఏమీ కాలేదు. మూడు వారాలు తెల్లవారుజామునే లేచి హుషారుగా కుట్టాను. నాలుగో వారం రోడ్డు అవతలివాళ్లు మళ్లీ వీపు వెనక్కి వచ్చేశారు. జాకెట్ల అస్తరులో నా మాటలు వినే తీగ పెట్టారని గట్టిగా అనిపించింది. వరలక్ష్మీ వ్రతం రేపనగా, రాత్రంతా కూర్చుని పదకొండు పట్టు జాకెట్ల కుట్లు విప్పేశాను. ఒక్క గుడ్డ కూడా చిరగలేదు. అంత మతి తప్పినా బ్లేడు పట్టిన చెయ్యి పద్ధతి మరవలేదు. తెల్లారి మా ఆవిడ ఆ ముక్కల్ని చూసి ఏడవలేదు. ఏ ముక్క ఎవరిదో కట్టలు కట్టి, పేర్లు రాసి, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లమని తమ్ముణ్ణి పిలిచింది. ఏ ఇంటికీ జాకెట్టు అందలేదు. నెల తర్వాత పదకొండూ నేనే మళ్లీ కుట్టాను, కొలతల పుస్తకం ఉంది కాబట్టి.

అప్పటినుంచి మాకో అలవాటు. అనుమానం వస్తే ‘ఎవరన్నా పిలిచారా?’ అని అడుగుతాను. ఆవిడ ఫాల్ కుడుతూనే, తల ఎత్తకుండా, లేదని తల ఊపుతుంది. అంతే, పనిలో పడతాను. ఆవిడ లేనప్పుడు గుమ్మం వైపు చూస్తాను. మనిషి కనబడకపోతే పట్టించుకోను.

మొన్న సాయంత్రం ఎవరో ‘అన్నా, అన్నా’ అంటున్నారు. గుమ్మంలో ఎవరూ లేరు. పట్టించుకోకుండా కాలరు తిప్పి కుడుతున్నాను. మళ్లీ పిలుపు. ఆవిడ వైపు చూశాను. ఈసారి తల ఊపలేదు, చేతిలో పని పక్కన పెట్టింది.

‘పిలుస్తున్నారండీ. మెట్ల కింద, సైకిలు మీద ఉంది. మూడుసార్లు పిలిచింది పాపం.’

లేచి వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్ల, యూనిఫారం పొట్టయిందట, అంచు విప్పి రెండంగుళాలు దించమంది.