బాబాయ్ బస్సు ఎటు వంగింది?

ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ వైపు వెళ్తుంటే హయత్‌నగర్ కంటే ముందు ఆటోనగర్ వస్తుంది. దగ్గర్లోనే జింకలు తిరిగే హరిణ వనస్థలి. ఇక్కడ మాత్రం సగం విప్పిన లారీలు, గ్రీజు వాసన, సుత్తి మోత. ఊరికి వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి చూసి వదిలేసే చోటు. మొన్న ఓ శనివారం పొద్దున్న ఎనిమిదింటి నుంచి చీకటి పడేదాకా ఇక్కడే ఉన్నా. కారణం బాబాయ్ బస్సు.

పన్నెండేళ్ల ఎయిర్ సస్పెన్షన్ బండి అది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పెళ్లిళ్లకి, భద్రాచలం, శ్రీశైలం ట్రిప్పులకి తిప్పుతాడు. ఈ మధ్య వెనక సీట్లో కూర్చున్నవాళ్లు వాంతులు చేసుకుంటున్నారు. పోయిన నెల ఒక పెళ్లివాళ్లు తిరుగు ప్రయాణానికి వేరే బస్సు మాట్లాడుకుంటే, బాబాయ్ ఖాళీ బండి తోలుకొచ్చాడు. అసలు భయం ఇంకోటుంది. లారీని ఓవర్‌టేక్ చేసి మళ్లీ లైన్లోకి వస్తే బండి రెండు మూడు సార్లు ఊగితే గానీ కుదురుకోవట్లేదు. నలభై మందిని కూర్చోబెట్టుకుని చేసే పని కాదది.

"ఆరు బెలూన్లూ మార్చాల్సిందే" అని అంతకుముందు ఒక షెడ్డులో చెప్పారట. ముందు రెండు, వెనక నాలుగు. అంత డబ్బు అంటే మళ్లీ అప్పు. లేదంటే బండి అమ్మేయాలి. "నువ్వు ఇంజినీరువి కదరా, ఓసారి రా" అన్నాడు బాబాయ్. నేను రాసేది కోడ్. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో ఎక్కదు. వెళ్లా.

ఈసారి దొరికిన మెకానిక్ అన్న పానా పట్టుకోలేదు. టేపు తీశాడు. చదునైన సిమెంటు నేల మీద బండి పెట్టించి, టైర్లలో గాలి సరిచేసి, నాలుగు మూలలా ఎత్తు కొలిచాడు. వెనక ఎడమ వైపు, కుడి కంటే మూడు వేళ్ల మందం ఎక్కువ ఎత్తులో ఉంది. బాబాయ్‌కి అర్థం కాలేదు. "పొద్దున లేచి చూస్తే ఎడమకే వంగి ఉంటది కదన్నా?"

"గందుకే ఎవడో లేపిండు" అన్నాడు అన్న.

ఇక్కడ కాస్త సంగతి చెప్పాలి. మామూలు లారీకి కమాన్ పట్టీలు ఉంటాయి. బరువు పడితే కిందికి దిగుతాయి, దింపితే లేస్తాయి. ఎయిర్ సస్పెన్షన్‌లో రబ్బరు బెలూన్లలో గాలి ఆ బరువు మోస్తుంది. బాడీకి ఒక వాల్వు, దాని చేతి నుంచి యాక్సిల్‌కి ఒక సన్నటి కడ్డీ. జనం ఎక్కి బాడీ దిగితే కడ్డీ ఆ చేతిని పైకి నెడుతుంది, గాలి లోపలికి వస్తుంది. దిగిపోతే గాలి బయటికి పోతుంది. ఎత్తు ఎప్పుడూ ఒక్కటే. ఇలాంటి వాల్వులు ముందు ఒకటి, వెనక రెండు. మొత్తం మూడే. నాలుగు మూలలకి నాలుగెందుకు లేవు అనుకున్నా. మూడు కాళ్ల స్టూలు ఎలాంటి నేల మీదైనా కదలకుండా నిలబడుతుంది కదా, అదే లెక్క. నాలుగుంటే ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

బాబాయ్ బండిలో ఎడమ వెనక కడ్డీ అసలుది కాదు. ఎవరో పొడుగాటి ఇనుప ముక్క వెల్డింగ్ చేసి పెట్టారు. రాత్రి గాలి లీకై పొద్దున ఎడమకి వంగుతుంటే, లీకు వెతకడం మానేసి ఎత్తు పెంచేశారు. బగ్గు కనపడకుండా ఒక నంబరు హార్డ్‌కోడ్ చేసి వెళ్లిపోయే డెవలపర్లు ఆటోనగర్‌లోనూ ఉన్నారన్నమాట. (నేనూ చేశా, ఒప్పుకుంటా.)

సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వచ్చింది బెలూన్ దగ్గర కాదు, నైలాన్ పైపు జాయింటు దగ్గర. ఆ లీకు నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. దానికి తోడు గాలిలో తేమ పట్టే డ్రయర్ కూడా పాడైంది. ట్యాంకు కింద డ్రెయిన్ లాగితే బొళక్కున మురికి నీళ్లు.

మరి ఊగుడు? గాలి బండిని మోస్తుందే గానీ ఊపు ఆపదు. కమాన్ పట్టీలైతే ఒకదానికొకటి రాసుకుని కొంత ఊపు మింగేస్తాయి. బెలూన్‌కి ఆ గుణం లేదు, ఆ పనంతా షాకబ్జార్బర్లదే. వెనకవి రెండూ నూనె కారి ఖాళీ అయ్యాయి. యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టుకునేది కూడా బెలూన్ కాదు, టార్క్ రాడ్లు. వాటి బుష్‌లు అరిగితే వెనక చక్రాలు తమ ఇష్టం వచ్చిన దారి చూసుకుంటాయి.

చాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే అన్న కిందికి దూరాడు. ఉత్త జాకీని, గాలిని నమ్మి ఎయిర్ బండి కింద పడుకోకూడదట. "బెలూన్ పోతే బాడీ మీద కూసుంటది తమ్మీ."

బుష్‌లు ప్రెస్ చేయించడానికి రెండు గంటలు పట్టింది. ఆలోగా హయత్‌నగర్ ఊళ్లోకి ఆటో ఎక్కా. కుతుబ్ షాహీల కాలపు మసీదు ఉందక్కడ, ఊరికి పేరిచ్చిన హయాత్ బక్షీ బేగం పేరుతోనే. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. మసీదు చుట్టూ ప్రహరీలోనే వరసగా కమాన్ల గదులు, ప్రయాణికులు ఆగడానికి కట్టిన సరాయి. దగ్గర్లో హాథీ బావోలి. గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో మజిలీ ఇది. ఎడ్లబండ్లలో నడుములు విరిగేలా వచ్చినవాళ్లు ఈ గదుల్లోనే వాలి ఉంటారు. ఒక గది గడప మీద కూర్చుని ఫోన్‌లో బెలూన్ల ధర చూశా. ఒకటి చాలేమోనని మొక్కుకున్నా.

ఒకటే పట్టింది. ముడతల్లో పగుళ్లొచ్చిన ఒక్క బెలూన్, జాయింటు, డ్రయర్, వెనక షాకబ్జార్బర్లు, బుష్‌లు, అసలు కొలత కడ్డీ. ఎత్తు సరిచేశాకే వీల్ అలైన్‌మెంట్. ముందు చెప్పిన ఖర్చులో సగం కూడా కాలేదు.

చీకటి పడుతుండగా బండి తీశాం. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీ మలుపు దాకా. నేను కావాలనే చివరి సీట్లో కూర్చున్నా. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక్కసారి లేచి దిగింది, అంతే. ఒక లారీని దాటి లైన్లోకి వచ్చాక బాబాయ్ అద్దంలోంచి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. బ్రిడ్జి జాయింట్ల మీద మాత్రం ముందు కుడి వైపు 'టక్' మంటోంది. ఆ షాకబ్జార్బర్ వచ్చే నెల చూడాలి.

మర్నాడు అయిదున్నరకి ఫోన్. ఆదివారం, నిద్ర కళ్లతోనే ఎత్తా.

"టేపు పెట్టి చూసిన్రా. రెండు దిక్కులా సమానంగుంది."