నా రెండో చదువు

డిగ్రీ చదువులలో మేజర్, మైనర్ అనే మాటలు ఈ మధ్య తరచుగా వినబడుతున్నాయి. మేజర్ అంటే మనం ప్రధానంగా చదివే విషయం. మైనర్ అంటే దానికి తోడుగా, తక్కువ పేపర్లతో చదివే మరొక విషయం. మన దేశంలో 2020 నాటి జాతీయ విద్యా విధానం తరవాత ఈ పద్ధతి వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 విద్యాసంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది.

నేను తెలుగు సాహిత్యాన్ని మేజర్‌గాను, వెబ్, మల్టీమీడియా, ఇంటరాక్టివ్ కంప్యూటింగ్‌ను మైనర్‌గాను తీసుకున్నాను. ఇది మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏ ఒడ్డుకూ చేరవురా" అన్నారు నాన్నగారు. ఆయన భయం అర్థంలేనిది కాదు. కష్టపడి సంపాదించిన డబ్బుతో చదివించేవారు ఆ చదువు అరకొరగా మిగలకూడదనే కోరుకుంటారు.

ఇంతకీ ఈ మైనర్‌లో ఏముంటుంది? మొదటిది వెబ్. 1989లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో దీనిని ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీనిని అందరూ ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. వెబ్ పేజీలో శీర్షిక ఏది, పేరా ఏది అని చెప్పేది హెచ్.టి.ఎమ్.ఎల్. రంగులు, అమరిక చూసేది సి.ఎస్.ఎస్. మనం నొక్కినప్పుడు బదులు పలికించేది జావాస్క్రిప్ట్. రెండవది మల్టీమీడియా, అంటే అక్షరం, బొమ్మ, ధ్వని, వీడియో కలిసి పనిచేయడం. మూడవది ఇంటరాక్టివ్ కంప్యూటింగ్. వాడే మనిషికి, యంత్రానికి మధ్య సంభాషణ సాఫీగా సాగేటట్లు చూడడం దీని పని.

ఈ రెండు చదువులూ ఒకదానికొకటి ఎందుకు కావాలో నాకు ప్రాజెక్టు పనిలో తెలిసింది. విద్యార్థి ఒక పద్యపాదం టైపు చేస్తే గురులఘువులు గుర్తించి చూపే పేజీని నేను, ఇద్దరు మిత్రులు తయారుచేయాలనుకున్నాం. మిత్రులిద్దరికీ కంప్యూటర్ సైన్సే మేజర్. పని మొదట్లోనే చిక్కు వచ్చింది. "స్త్రీ" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? ఛందస్సు ప్రకారం ఒక్కటే. కంప్యూటర్ మాత్రం ఆరు అంటుంది. ఎందుకంటే యూనికోడ్‌లో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకార గుణింతపు గుర్తు వేరువేరు సంకేతాలుగా ఉంటాయి. "పుస్తకం" అనే మాటలో సంకేతాలు ఏడు. ఛందస్సులో అక్షరాలు మూడే.

పొల్లు తరవాత హల్లు వస్తే అది ముందున్న హల్లుతో కలిసిపోతుందని, సున్న, విసర్గ ముందు అక్షరాన్ని అంటిపెట్టుకొని ఉంటాయని నేను చెప్పాను. ఆ నియమాన్ని ప్రోగ్రాముగా ఎలా రాయాలో మిత్రులు చూపారు. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందన్న సూత్రాన్ని కూడా చేర్చాం. "పుస్తకం" అని టైపు చేయగా గురువు, లఘువు, గురువు అని సరిగ్గా వచ్చిన రోజు మా ఆనందం ఇంతా అంతా కాదు. వారు లేకపోతే నా ఛందస్సు కాగితం మీదే ఉండేది. తెలుగు వ్యాకరణం లేకపోతే వారి ప్రోగ్రాము "స్త్రీ"ని ఆరు ముక్కలు చేసేది.

ఇంకొక పాఠం చూపులేని మా సహాధ్యాయి నేర్పాడు. అతడు తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతాడు. మా పేజీని వాడి చూడమని అడిగాం. గురులఘువుల గుర్తులు బొమ్మలుగా కాక మాటలుగా ఉంటేనే తన యంత్రం పలుకుతుందని అతడు చెప్పాడు. ప్రతి గుర్తు కింద "గురువు", "లఘువు" అని రాశాం. అతడు చెవికి ఫోను తగిలించుకొని ఒక్కొక్క పాదమే విని, గణాలు వేళ్ళమీద లెక్కపెట్టి, "ఇది ఉత్పలమాల" అన్నాడు. ఎవరి సాయమూ లేకుండా అతడు పద్యాన్ని విడదీయడం మేము చూడడం అదే మొదటిసారి. బొమ్మకు పేరు రాయడం, బటన్‌కు పేరు పెట్టడం చిన్న పనులే. వాటిని వదిలేస్తే ఒక పాఠకుడి ముందు తలుపు మూసినట్లే.

మైనర్ చదివినంతమాత్రాన ఎవరూ ఇంజనీరు కారు. పెద్ద ప్రోగ్రాములు రాయడానికి కావలసిన గణితం, అభ్యాసం అందులో ఉండవు. పైగా చదవాల్సిన పేపర్లు, చేయాల్సిన ప్రాజెక్టులు పెరుగుతాయి. ఇవన్నీ తెలుసుకొనే నిర్ణయించుకోవాలి. కాని తన విషయాన్ని కంప్యూటర్ దగ్గరకు, కంప్యూటర్‌ను తన విషయం దగ్గరకు తీసుకురాగల నేర్పు దానివల్ల అలవడుతుంది. ఈ పని తెలుగుకే కాదు, చరిత్రకు, వ్యవసాయానికి, వాణిజ్యానికి కూడా అవసరమే.

దూరవిద్యలో చదువుతున్న మీరు రేపు డిగ్రీలో చేరేటప్పుడు మైనర్ ఎంచుకోవలసి రావచ్చు. అప్పుడు ఏ విషయానికి గిరాకీ ఉందని మాత్రమే అడగకండి. మీకు ఇష్టమైన విషయంలో ఏ పని ఆగిపోయి ఉంది, దాన్ని ముందుకు నడపడానికి ఏ విద్య కావాలి అని కూడా ఆలోచించండి.