దాదా నడిచిన అడ్డదోవ



మా అబ్బాకి ఈసారి హజ్ ఖురాలో పేరు వచ్చింది, అల్‌హందులిల్లాహ్. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి. "రోజూ నడవండి అబ్బా, అక్కడ సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైచిలుకు" అని నేనే వెంటపడ్డాను. సఫా, మర్వాల మధ్య సుమారు 450 మీటర్లు. ఏడు సార్లు తిరగాలి.

ఒకరోజు ఫజర్ తర్వాత ఆయనే అన్నారు. "నడవడానికి నాకొక దోవ తెలుసు బేటా. అక్కడ ఒక ఖర్జ్ కూడా ఉంది."

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మా దాదా ఎడ్ల బేరగాడు. అడవి పల్లెల్లో కోడెదూడలు కొని, దుక్కికి మరిపి, మైదానం రైతులకు అమ్మేవారు. అబ్బాకి పదేళ్ళప్పుడు ఒక కోయ ఇంట్లో రెండు కోడెలు ఎనభై రూపాయలకు బేరం కుదిరింది. నలభై ఇచ్చారు. మిగతా నలభై పండగ తర్వాత ఇస్తానని జబాన్ ఇచ్చారు. ఆ చలికాలమే జ్వరంతో దాదా ఇంతెఖాల్ అయ్యారు. పక్కనే నిలబడి ఆ మాట విన్నది అబ్బా ఒక్కరే.

పెనుబల్లి వైపు నుంచి కనకగిరి గుట్టల అంచుకు చేరాం. పెద్ద కొండలేం కావు. పడుకున్న ఎడ్ల మూపురాల్లా ఒకదాని వెనక ఒకటి. ఈ పక్క ఖమ్మం జిల్లా, ఆ పక్క భద్రాద్రి కొత్తగూడెం. 2016లో విడిపోయాయి. దాదా కాలంలో రెండూ ఒకటే జిల్లా. అడ్డంగా పడితే అటు రోడ్డుకు మూడు కిలోమీటర్లు. అచ్చంగా ఒక సయీ అంత.

మన జిల్లాలో ఊరి పేర్ల చివర 'బంజర' తరచూ వినబడుతుంది. పెనుబల్లి దగ్గరి వి.ఎం. బంజర మీకు తెలిసిందే. నిజాం జమానా కాగితాల్లో బంజర్ అంటే సాగులో లేని భూమి. శిస్తు రాని నేల కనుక దఫ్తర్ కంటికి అది ఖాళీ. కానీ దాదా లాంటి వాళ్ళకి రిజ్క్ అక్కడే మేసింది.

ఇప్పుడు ఆ బీడంతా జామాయిల్ తోట. మొక్కలు సఫ్‌లు కట్టి నిలబడ్డాయి. గడ్డి పల్చబడింది. అబ్బా ఆగి ఆగి గుర్తులు వెతుక్కున్నారు. "ఇక్కడ బోదగడ్డి నా ఎత్తు ఉండేది. మందను ఇక్కడ ఆపేవాళ్ళం." నాకు చెట్లు తప్ప ఏమీ కనబడలేదు. రెండో గుట్ట దిగాక వాగు దగ్గర చెలమ ఒకటి మిగిలే ఉంది. అక్కడే వజూ చేసి, ఇసుక మీద జానమాజ్ పరిచి జుహర్ చదివాం.

"నలభై రూపాయలకి ఇంత సఫర్ ఎందుకు అబ్బా, సదఖా చేస్తే సరిపోదా?" అన్నాను.

"వారిస్‌లు దొరకకపోతే సదఖా. ముందు వెతకాలి కదా" అన్నారు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుర్ర ఒంటెను అప్పుగా తీసుకుని, తీర్చేటప్పుడు అంతకంటే మంచి ఒంటెను ఇప్పించారని హదీసు ఉంది. అందుకే ఒక కోడె ధర కవర్లో పెట్టుకొచ్చారు. మౌల్వీ సాబ్‌ని కూడా అడిగారట. బాకీ నలభయ్యే, మిగతాది మీ ఖుషీ అన్నారట.

ఊరు చేరాక నలుగురిని అడిగితే ఇల్లు దొరికింది. అప్పటి పెద్దాయన లేడు. కోడలు ఉంది, అబ్బా ఈడుదే. మనవడు మంచం వాల్చాడు. అబ్బా మొత్తం చెప్పి కవరు ముందు పెట్టారు.

ఆమె చాలాసేపు అబ్బా మొహం చూసింది. "బాకీ సంగతి మా మామ ఎన్నడూ చెప్పలే సాయిబూ. ఏటా వచ్చే సాయిబు ఒక ఏడు రాలేదు, దోవలో పులి పట్టిందో ఏమో అని మాత్రం బాధపడేటోడు."

అబ్బా తల వంచుకున్నారు. అరవై ఏళ్ళు ఆయన అప్పు గురించి సిగ్గుపడ్డారు. అవతలి ఇల్లు మనిషి గురించి ఫికర్ పడింది.

"మా అబ్బాని మాఫ్ చెయ్యి చెల్లె."

"చచ్చినోడి మీద కోపమేంది. ముందు నీళ్ళు తాగు" అంది. తర్వాత కవరు తీసుకుని, నోట్లు లెక్కపెట్టి, కొంగున కట్టుకుంది. వద్దనలేదు. నాకది నచ్చింది. అది ఆమె హక్కు. "ఇప్పుడు ఎడ్లు లేవు, మేపడానికి బీడూ లేదు. పిల్ల చదువుకు పనికొస్తది" అంది.

తిరుగు దోవలో అబ్బా మోకాలి ఊసు ఎత్తలేదు. అసర్ వేళకి గుట్ట మీద ఆగి, దాదా పేరున చేతులెత్తారు.

మీ ఇళ్ళలోనూ ఎవరో ఒక పెద్ద మనిషికే తెలిసిన ఖర్జ్, అమానత్ ఉండొచ్చు. కాగితం ఉండదు. వాళ్ళు ఉండగానే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. వీలైతే వాళ్ళతో ఆ దోవ నడవండి.

అబ్బా సఫర్ ఆసాన్ కావాలని దువా చేయండి.