సమానంగా పంచితే సరిపోతుందా?

మా సైన్స్ ఎగ్జిబిషన్‌కు భూకంపాల మీద 20 చార్టులు చేయాల్సి వచ్చింది. మేం నలుగురం. గ్రూపు లీడర్ని నేనే కాబట్టి తలా ఐదు చార్టులు పంచాను. మా ముగ్గురివీ రెండు రోజుల్లో అయిపోయాయి. పద్మవి ఇంకా మూడు మిగిలాయి. "నీ వల్లే అందరం కూర్చోవాల్సి వస్తోంది" అని అందరి ముందూ అనేశాను. తను ఏమీ మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకుంది.

మరునాడు సార్ 2004 సునామీ గురించి చెప్పారు. ఆ డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 9.1. దాని వల్లే మా చెన్నై మెరీనాలోకి సముద్రం పొంగి వచ్చింది. మా నాన్నమ్మ ఆ ఆదివారం గురించి ఇప్పటికీ చెబుతుంది. 2017లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు ఆ భూకంపాన్ని సూపర్‌మక్ అనే పెద్ద కంప్యూటర్‌లో మళ్ళీ జరిపించి చూశారట. అక్కడి నేలను 22 కోట్లకు పైగా చిన్న ముక్కలుగా చేసి, 86 వేల కోర్లకు పంచారు. సుమారు 8 నిమిషాల కంపాన్ని లెక్కకట్టడానికి దాదాపు 14 గంటలు పట్టింది.

"అన్ని కోర్లకూ సమానంగా ముక్కలు పంచితే చాలు కదా సార్?" అని అడిగాను.

"చాలదమ్మా" అన్నారు సార్. నేల చీలిన చోట ముక్కలు చాలా చిన్నవి. చిన్న ముక్కను అల త్వరగా దాటేస్తుంది, అందుకని దాన్ని మాటిమాటికీ లెక్కించాలి. పెద్ద ముక్కను అప్పుడప్పుడు లెక్కిస్తే చాలు. కాబట్టి ముక్కల సంఖ్య ఒకటే అయినా పని ఒకటి కాదు. పక్క ముక్క జవాబు రానిదే తర్వాతి లెక్క మొదలుకాదు. పని తక్కువున్న కోరు ముందే ముగించి ఊరికే ఎదురు చూస్తుంది. అందుకే ఏ ముక్కను ఎన్నిసార్లు లెక్కించాలో చూసి, ఆ బరువును బట్టి పంచుతారు.

నాకు చప్పున పద్మ చార్టులు గుర్తొచ్చాయి. మావన్నీ చూసి రాసేవి. తనవన్నీ చేత్తో గీయాల్సిన మ్యాపులు. నేను చార్టులు లెక్కపెట్టానే గాని పని చూడలేదు.

సాయంత్రం తన దగ్గరికెళ్ళి, "తప్పు నాదే పద్మా" అన్నాను. తను కాసేపు ఊరుకుని, ఒక మ్యాపు నా వైపు జరిపింది. "రంగులు నువ్వు వేయి" అంది. చీకటి పడేలోపు నలుగురం కలిసి ఆ మూడూ ముగించాం.

ఇప్పుడు ఏ పని పంచాలన్నా 'ఎన్ని?' అని కాదు, 'ఎంతసేపు పడుతుంది?' అని ముందు అడుగుతున్నాను.