తుపాకి యాట

గవర్నర్‌పేటలో మా యింటి మేడమీద నొక చిన్న గది కలదు. కిటికీ తెఱచినచో బీసెంటు రోడ్డు బేరసారముల రొద రాత్రి తొమ్మిది గంటలదాక వినవచ్చుచుండును. 1999 వ సంవత్సరపు వేసవిలో ఆ గదిలోనే మేము మా కుమారుని సీడీ నొకదానిని రెండుచేతులతో బట్టుకొని పుటుక్కున విఱిచితిమి. అది డూమ్ అను తుపాకి యాట. వాని కప్పుడు పదునాలుగేండ్లు. చదువునకని కొన్న కంప్యూటరుమీద వాడు తుపాకులు పేల్చుచున్నాడని యింటిలోనివారు చెప్పగా మేము మేడ యెక్కితిమి. ఆ యేటి ఏప్రిల్ నెలలోనే అమెరికాదేశమున కొలంబైన్ ఉన్నతపాఠశాలలో ఇద్దఱు విద్యార్థులు తోడివారిని కాల్చి చంపి తామును చచ్చిరి. వారికి డూమ్ మిక్కిలి యిష్టమైన యాట యని పత్రికలు వ్రాసినవి. అంతకు మించిన సాక్ష్యము మాకక్కఱ లేకపోయెను. ఆ యాట యెట్లుండునో తెఱమీద నొక్క నిమిషమైనను మేము చూడలేదు. పిల్లవాడు మాఱు పలుకలేదు. మే మది పశ్చాత్తాప మనుకొని సంతోషముతో మెట్లు దిగివచ్చితిమి.

చదువరులారా! విచారింపక నమ్మువారిని మే మెన్ని వ్యాసములలో నెన్ని విధముల నిందించియుంటిమో లెక్క లేదు. విచారింపక ఖండించువాడును ఆ కోవలోనివాడే యని నాడు మాకు దోచలేదు. పైగా ఆ సీడీ విఱిచిన కథను నలుగురు తండ్రులు గూడినచోట నెల్ల మెచ్చుకోలుగా జెప్పుకొనుచు వచ్చితిమి.

2025 డిసెంబరు సెలవులకు ఆ కుమారుడే భార్యాబిడ్డలతో వచ్చెను. అతడిప్పుడు టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమును ఆనుకొనియున్న అర్వింగులో నివసించుచున్నాడు. ధనుర్మాసము, చలి యంతగా లేకున్నను దోమల బాధ యెక్కువ. ఒకనాటి రాత్రి మంచినీళ్లకై లేచినప్పుడు మేడగదిలో దీపము వెలుగుచుండుట చూచి మెల్లగా మెట్లెక్కితిమి. నలువదేండ్లవాడు, చెంపల నెరసినవాడు, చెవులకు హెడ్‌ఫోను దగిలించుకొని తుపాకి యాట యాడుచున్నాడు. తెఱమీది బొమ్మలు మూలలు దేఱి మొరటుగా నున్నవి. మమ్ము జూచి చటుక్కున లేచి నిలుచుండెను. ఆ వయసువాడు మమ్ము జూచి యట్లు లేచుట మాకు సంతోషము గలిగింపలేదు.

"ఆ పాతదేనా?" యని యడిగితిమి.

"కాదు నాన్నగారూ. పాతదాని పద్ధతిలో కొత్తగా చేసినది. దీని పేరు డస్క్."

ఆట మానవలదని చెప్పి, ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిమి.

ఈ తెగ యాటలలో ఆడువాని రూపము తెఱమీద గనబడదు. క్రిందిభాగమున రెండుచేతులు, వానిలో నొక యాయుధము, అంతే. ఎదుట నున్నదంతయు ఆ చేతులవాని కన్నులతో జూచినట్లే యుండును. 1992 లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీతో నీ పద్ధతి పలువురికి దెలిసెను. 1993 డిసెంబరు 10 న వెలువడిన డూమ్‌తో లోకమంతట బ్రాకెను. రెంటిని జేసినది ఇడ్ సాఫ్ట్‌వేర్ అను చిన్న బృందము. డూమ్ మొదటి కాండమును ఎవరైనను ఉచితముగా బంచుకొనవచ్చును. తక్కిన రెంటిని సొమ్ము పంపి తెప్పించుకొనవలెను. 1997 లో దాని మూలరచననుగూడ వారు లోకమునకు విడిచిపెట్టిరి. వా రా యాటను జేసిన మెస్కీట్ అను నూరు డల్లాసునకు తూర్పున నున్నది, అర్వింగు పడమట. మేము విఱిచిన సీడీ పుట్టిన ప్రాంతముననే మా మనుమడు బడికి బోవుచున్నాడని కుమారుడు నవ్వుచు జెప్పెను.

తరువాతి కాలమున ఈ యాటలు మాఱిపోయినవట. బొమ్మలు ఛాయాచిత్రములవలె నయ్యెను. ఆడువాడు గోడచాటున నక్కి, తగిలిన దెబ్బలు మానువఱకు వేచియుండవలసి వచ్చెను. నడుమ నడుమ సినిమావంటి కథను జూడవలసి వచ్చెను. నాడు పిల్లలై డూమ్, క్వేక్ ఆడినవారు పెద్దవారై, ఆ వేగము మరల గావలెనని పాతపద్ధతిలో క్రొత్తయాటలను జేయ మొదలిడిరి. డస్క్ వానిలో నొకటి. డేవిడ్ షిమాన్‌స్కీ యను నతడు దీనిని ఇంచుమించుగా నొంటిచేతితో నిర్మించెను. సంగీతము ఆండ్రూ హల్‌షుల్ట్ కూర్చెను. న్యూ బ్లడ్ ఇంటరాక్టివ్ వారు ప్రకటించిరి. 2018 డిసెంబరు 10 న, అనగా డూమ్ పుట్టిన తేదీననే, సరిగా ఇరువదియైదేండ్లకు, ఇది సంపూర్ణరూపమున వెలువడెను. మఱుసటియేట అయన్ ఫ్యూరీ యను మఱొకటి వచ్చినదట. దానిని మేము చూడలేదు కాబట్టి దాని మాట వదలుచున్నాము. చూడనిదానిగూర్చి తీర్పు చెప్పుట మానవలెనని క్రొత్తగా నొక యొట్టు పెట్టుకొంటిమి.

మఱునాడు పగలు మేమే ఆటకు గూర్చుంటిమి. కథకొఱకు వెదకువారి కిందు నిరాశయే. నిధులకై వచ్చిన యొకడు నేలమాళిగలో మాంసపుకొక్కెమునకు వ్రేలాడుచు మెలకువ జెందును. మోటారు రంపములు పట్టినవారు మీద బడుదురు. మనచేతులలో రెండు కొడవళ్లు. అంతే, ఆట మొదలు. మేము రెండు నిమిషములలో జచ్చితిమి. మరల నారంభించి మరల జచ్చితిమి. ఒకచేత మీటలు, మఱొకచేత మౌసు; కాళ్లొకవైపు పోవగా చూపు వేఱొకవైపు పోవలెను. మూడవసారి తల దిరిగి, కడుపులో వికారము పుట్టి, వసారాలోనికి బోయి మజ్జిగ త్రాగి పండుకొంటిమి. ఈ దోషమును ముందుగా జెప్పవలెను. ఈ వేగ మందఱికిని బడదు. డెబ్బది నిండినవారికి బొత్తిగా బడదు.

నాలుగుదినముల యభ్యాసముతో మొదటి కాండమున కొంతదూరము పోతిమి. అప్పుడు కొంత రుచి తెలిసెను. ఇందు నిలిచినవాడు చచ్చును, పరుగెత్తినవాడు బ్రదుకును. శత్రువులు విసరు నిప్పుముద్దలు మొదలైనవి చాలవఱకు కంటికి గనబడునట్లే వచ్చును. ప్రక్కకు దూకి తప్పించుకొనవచ్చును. కాబట్టి తగిలిన దెబ్బ చాలవఱకు మన తప్పే యగును. యంత్రము మోసగించినదని గొణుగుటకు వీలు లేదు. ఈ న్యాయము మాకు నచ్చినది. చిన్ననాట కృష్ణ యిసుకలో ఏడుపెంకులాట యాడినవారికి దీని సుఖము తెలియును. బంతి వచ్చుచున్నది, కనబడుచున్నది, తప్పుకొనుటకు వ్యవధి యున్నది, తప్పుకొనలేకపోయితిమి, వీపు మండినది. ఎవరి నేమనగలము?

ఆటలోని కట్టడములును బాగున్నవి. రంగు రంగుల తాళపుచెవులను వెదకి తెచ్చి ఆయా రంగుల తలుపులు తీయవలెను. ఇటు పొమ్మని చేయిచూపువారు లేరు. వన్‌టౌను సందులలోనికి మొదటిసారి పోయినవాడు ఏ యరుగు దాటితినో, ఏ గుడిమలుపు తిరిగితినో గుర్తుంచుకొన్నట్లు మూలమూలయు మనస్సున నిలుపుకొనవలెను. గోడలవెనుక రహస్యపుగదులు గలవు. రెండవ కాండమున ఎషర్ ప్రయోగశాల యను నొక ఘట్టమును మా కుమారుడు ఆడి చూపెను. అందు నేల గోడయై, గోడ కప్పై తిరుగును. నెదర్లాండ్సు చిత్రకారుడు ఎషర్ గీసిన అంతులేని మెట్ల చిత్రములను జూచినవారికి ఆ పేరేల పెట్టిరో తెలియును. మేము కుర్చీని గట్టిగా బట్టుకొని చూచితిమి.

ఇక ఆ మొరటు బొమ్మల మాట. మా యింటి బొమ్మలకొలువులో తాడిచెట్టెక్కుచున్న గీతవాని కొండపల్లిబొమ్మ యొకటి గలదు. తెల్లపొణికి కొయ్యను చెక్కినవాడు వాని ముఖమున కన్నులకు రెండు చుక్కలు, మీసమునకు నొక గీత పెట్టి యూరకుండెను. అయినను వాని ప్రయాస మనకు దెలియుచునే యున్నది. డస్క్‌లోని శత్రువులును ఆ జాతివారే. దగ్గఱకు వచ్చినచో నాలుగు పలకలు అతికించినట్లుందురు. దూరమున, మసకచీకటిలో, చేని దిష్టిబొమ్మ యొకటి కదలినట్లు తోచినచో గుండె ఝల్లుమనును. చిత్రకారుడు విడిచినదానిని మన భయము పూరించును. కాని యిందొక సందేహమును గలదు. కొండపల్లివాడు కొయ్య లొంగినంతవఱకు చెక్కును. ఈ యంత్ర మన్నియు జేయగలిగియుండి, చేయలేనట్లు నటించుచున్నది. ఇంకను మొరటుగా గనబడవలెనన్న దానికి వేఱే ఏర్పాటును గలదు. కొంత యిది నిగ్రహము, కొంత వేషము. ఏది యెంతయో మేము తేల్చుకొనలేకపోతిమి.

శత్రువులకు బుద్ధి తక్కువ. గుమ్మమున నిలిచినచో నొకరివెనుక నొకరు వచ్చి చత్తురు. పెద్ద రాక్షసుని బోరు చిన్నవారి గుంపుతో జేయు పోరంత రక్తి కట్టదు. ఎప్పుడు కావలసిన నప్పుడు ఆట నున్నదున్నట్లు భద్రపఱచుకొను మీట యొకటి యుండుటచే ధైర్యము చౌకయైనది. మేమే అయిదడుగుల కొకమాఱు దానిని నొక్కితిమి.

పెద్దలోపము వేఱున్నది. ఈ చేతులు తలుపు దెఱచును, వస్తువు నెత్తును, తక్కిన కాలమంతయు జంపును. అక్కడక్కడ సబ్బుబిళ్ల దొరకును. దానిని విసరికొట్టినచో నెంతటివాడైనను ఒక్క దెబ్బకు జచ్చును. ఇది రచయిత హాస్యము. మేమును నవ్వితిమి. నవ్విన తరువాత, సబ్బుతోనైనను చేయుపని చంపుటయే గదా యని తోచెను. ముసుగు వేసికొన్నవాడు దుష్టుడు; వా డెవరి బిడ్డయో యడుగుటకు మనకు నోరు లేదు. ఘట్టము ముగియగానే ఎంతమందిని జంపితిమో, రహస్యము లెన్ని కనిపెట్టితిమో, ఎంతకాలము పట్టెనో తెఱమీద లెక్క వచ్చును. మొదటిదినము ఆ లెక్క చూచి వెగటు కలిగెను. నాలుగవదినము, ఇద్దఱు మిగిలిపోయిరే యని మరల నాడి వెదకితిమి. ఈ వాక్యము వ్రాయుటకు కొంత తడవు సందేహించితిమి.

దానిచే మేము క్రూరులమైతిమని యనము. 2011 లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము, హింసాత్మకములైన యాటలను పిల్లల కమ్మరాదను కాలిఫోర్నియా శాసనమును గొట్టివేయుచు, ఇట్టి యాటలే పిల్లల దౌర్జన్యమునకు కారణమని ఎదుటనున్న పరిశోధనలు రుజువు చేయజాలవనెను. 1999 లో మేము మెట్లెక్కిన వేగమునకు ఇది తగిన జవాబే. కాని హత్యలు చేయింపకుండుట యొక యాటకు చాలినంత మెప్పగునా?

మనుమనికి పదేండ్లు. వాని కీ యాట చూపుదువా యని కుమారుని నడిగితిమి.

"ఇప్పుడు కాదు నాన్నగారూ. పదిహేడేళ్లు రానివ్వండి. అప్పుడూ నేను పక్కన కూర్చునే."

మరి మనుమ డాడునదేమి? వాని చేతిలో ఫోను కలదు. అందలి యాటకు వెల లేదు. నెత్తురుచుక్క లేదు. ముద్దులొలుకు బొమ్మలు, మంచి రంగులు. గడియ కొకసారి తెఱవవలసిన పెట్టె యొకటి వచ్చును. తెఱువకున్న నేదో పోవును. టోపీకి ఇంత, అంగీకి ఇంత. ఆట కంతము లేదు. ఒకనాడు వాడు మా ప్రక్కన జేరి, "తాతయ్యా, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పరా?" యని ముద్దుగా నడిగెను. మేము చెప్పబోయితిమి! కోడలు వంటయింటినుండి పరుగెత్తుకొని వచ్చుటచే బ్రదికితిమి. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పబ్జీ మొబైలును నిషేధించినప్పుడు చూపిన కారణము దేశభద్రత. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైను జూదమును నిషేధించెను. 2025 లో పార్లమెంటు సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు శాసనము చేసెను. మనుమని యాట యీ వలలలో దేనికిని జిక్కదు. 1999 నాటి మా కన్నులతో జూచియున్నచో దీనిని మెచ్చుకొని స్వయముగా గొనిపెట్టియుందుము. నెత్తురోడు డస్క్ ఒక్కసారి సొమ్ము పుచ్చుకొని మఱెన్నడు చేయి చాపదు. మూడు కాండములు ముగియగానే లేచి పొమ్మనును. ఈ తారతమ్యము తెఱముందు గూర్చుండినగాని మాకు దెలియలేదు.

ప్రయాణమునకు ముందునాటి రాత్రి ఆ సీడీ మాట మేమే యెత్తితిమి. చూడక విఱుచుట తప్పని చెప్పితిమి. కన్నకొడుకుతో నీ మాట యనుటకు నోరంత సులభముగా రాలేదు.

అతడు కొంతసేపు ఊరకుండి, "ఇంకొక సీడీ ఉండేది నాన్నగారూ. పుస్తకాల అడుగున. పరీక్షలయ్యాక స్నేహితుడి ఇంట్లో అంతా ఆడాము" అనెను.

మేము నవ్వబోతిమి. అతడు నవ్వలేదు.

"అందులో ఒక రహస్యపు తలుపు నాకు నేనే కనిపెట్టాను. ఇంటికి వచ్చాక మీకు చెప్పాలనిపించింది. ఎలా చెప్పను?"

మే మేమియు ననలేకపోతిమి. క్రింద మనుమడు నిద్రలో నేదో కలవరించెను, అతడు దిగిపోయెను.

మా పాత కంప్యూటరులో డస్క్‌ను అతడు పెట్టిపోయెను. అంత పాతదానిమీదను అది తడబడక నడచుట మఱొక గుణము. వారమునకు రెండుదినములు, మధ్యాహ్నము, తల తిరుగనంతసేపు ఆడుచున్నాము. ఆదివారము ఉదయము మాకు ఫోను చేయుటకు వాని కప్పుడు శనివారము రాత్రి. ఇదివఱకు రక్తపోటు మందులగూర్చి, ఇంటిపన్నుగూర్చి మాటాడుకొని ముగించెడివారము. పోయిన వారము, ఎఱ్ఱ తాళపుచెవి యెంత వెదకినను దొరకలేదని చెప్పితిమి. ఎక్కడనున్నదో చెప్పుమని బ్రతిమాలితిమి.

"చెప్పను నాన్నగారూ. ఆ ధాన్యపుకొట్టు వెనక చూశారా?"

చూడలేదు.