రసమూ, విషమూ

"రసం" అనే మాట వచ్చినప్పుడల్లా క్లాసులో నేనొక చమత్కారం చెబుతుండేవాణ్ణి. ఆలంకారికుడికి రసమంటే ఆనందం, వైద్యుడికి పాదరసం. రెండూ చేతికి చిక్కవు అని. పిల్లలు నవ్వేవారు. ఆ రెండో రసం మా అక్క పంటిలో వున్నదని అప్పటికి నాకు తెలియదు.

అక్కది దర్శి దగ్గర పల్లె. పత్తి తీసి, మిరపకాయ కోసి కాయలు కాచిన చేతులు. నాలుగేళ్ళ క్రిందట వొక తెల్లవారుజామున ఆ వేళ్ళు వాచి, బిగిసిపోయి, చెంబు పట్టుకోలేకపోయింది. గుంటూరులో డాక్టరు చూసి రుమటాయిడ్ కీళ్ళవాతమన్నాడు. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరబడి సొంత కీళ్ళ మీద విరుచుకుపడే జబ్బు. వారానికొకసారి మింగమని మాత్రలు రాసిచ్చాడు.

ఇంతలో ఎవరో అన్నారట: "నోట్లో పాదరసం పెట్టుకొని మాత్రలు మింగితే ఏం లాభం?" అక్క దవడపళ్ళు మూడింటికి యేనాడో పెట్టించుకున్న వెండి సిమెంటు వుంది. మిర్చి డబ్బు రాగానే దాన్ని తవ్వించేద్దామన్నాడు బావ. అక్క మాత్రలు మానేసింది. "ఏరా, చదువుకున్నవాడివి, నువ్వేమంటావు?" అని నన్నడిగింది. "పాదరసం విషమే గదా అక్కా, తీయించెయ్యి" అన్నాను.

బేరం కుదిరేలోగానే రెండు నెలలు గడిచాయి. అక్క కుడి మణికట్టు వంగడం మానేసింది. అప్పుడు గాని నేను చదవడం మొదలుపెట్టలేదు.

ఆ సిమెంటులో దాదాపు సగం పాదరసమే. తక్కినది వెండి, తగరం, రాగి. నమిలేటప్పుడు కొద్దిగా ఆవిరి వస్తుంది. పాదరసం విషమన్నదీ నిజమే. 1956లో జపానులోని మినమాటాలో బయటపడిన ఘోరం ప్రపంచానికంతా తెలుసు. ఆ వూరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశం దాన్ని ఆమోదించింది. 2025 జనవరి నుంచి ఐరోపా సమాఖ్య యీ సిమెంటు వాడకాన్ని దాదాపు నిలిపివేసింది. పాదరసం నీటిలో, చేపల్లో చేరుతుందన్నది అందులో ముఖ్యమైన కారణం. కొన్ని జాతుల ఎలుకల్లో పాదరసం యీ తరహా జబ్బును రేపుతుందని కూడా తేలింది. కాని పంటి సిమెంటు మనుషులకు కీళ్ళవాతం తెస్తుందని రుజువు కాలేదు. గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు, మూత్రపిండాల జబ్బున్నవారికి కొత్తగా పెట్టవద్దని 2020లో సలహా యిచ్చిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే, బాగున్నదాన్ని అవసరం లేకుండా తీయవద్దన్నది. తవ్వేటప్పుడే ఆవిరి యెక్కువ లేస్తుంది.

అయితే అక్క భయం ఉత్త మూఢత్వమా? కాదు. విషం పళ్ళలోనూ కీళ్ళలోనూ చేరుతుందని మా ప్రాంతం వాళ్ళకు వొకరు చెప్పనక్కరలేదు. ఆనాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్ని బిగదీస్తున్నదని 1937లోనే షార్టూ అతని సహచరులూ ప్రకటించారు. దర్శి అప్పుడు ఆ జిల్లాలోదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అక్క వూళ్ళో పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. రుజువు కాని విషాన్ని తవ్వించడానికి మిర్చి డబ్బు లెక్కపెట్టిన మేము, రుజువైన విషాన్ని బోరునుంచి బిందెలతో మోసుకుంటూనే వున్నాం. మొదటిదానికి వొక్క కుర్చీ, వొక్క డాక్టరు చాలు. రెండోదానికి వూరంతా కలిసి మంచినీటి గొట్టం కోసం అడగాలి. అందుకే మొదటిది సులువుగా తోచింది.

మూఢనమ్మకాల మీద రాసేటప్పుడు మనం పల్లెటూరి మంత్రగాడి మీదనే విరుచుకుపడతాం. ఎం.ఏ. చదివిన నోటినుంచి వచ్చిన అరకొర మాట కూడా అదే పని చేస్తుంది. పైగా దానికి గౌరవం వుంటుంది గనుక యింకా గట్టిగా చేస్తుంది.

అక్క మళ్ళీ మాత్రలు మింగుతున్నది. వేళ్ళవాపు తగ్గింది. సిమెంటు వున్నచోటనే వున్నది. మణికట్టు మాత్రం పూర్తిగా వంగదు. మిరపకాయ తొడిమలు ఎడమచేత్తో తీస్తున్నది. క్లాసులో రసప్రకరణం యిప్పటికీ చెబుతున్నాను. ఆ చమత్కారం మాత్రం మానేశాను.