అక్కయ్య కోసం ఒక సముద్రపు గది

పిల్లలూ! మీ ఇంటికి చుట్టాలు వస్తే ఎక్కడ పడుకుంటారు? పెద్ద ఇళ్ళలో అందుకు వేరే గది ఉంటుంది. చిన్న ఇళ్ళలో హాల్లో చాపలు పరిచి అందరూ సర్దుకుంటారు. సర్దుకోవడం మంచి గుణమే. కాని సర్దుకోలేని చుట్టాలు కూడా కొందరుంటారు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివారు చాప మీద కూర్చుంటే ఒక పట్టాన లేవలేరు. ఆ సంగతి పైకి చెప్పరు. రావడమే మానేస్తారు.

మా అక్కయ్య అటువంటి చుట్టం. ఆమెకు 74 సంవత్సరాలు. అనంతపురంలో కొడుకు దగ్గర ఉంటుంది. నేను హెడ్మాస్టరుగా ఉద్యోగ విరమణ చేసి, భీమునిపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటున్నాను. అక్కయ్య తన జన్మలో సముద్రం చూడలేదు. మాఘ పూర్ణిమనాడు సముద్ర స్నానం చేయాలని ఆమె కోరిక. ఏటా నేను రమ్మని పిలవడం, "ఎందుకురా తమ్ముడూ, నేనొస్తే మీకందరికీ ఇబ్బంది" అని ఆమె అనడం మామూలైపోయింది. ఆమెకు మోకాళ్ళు ఏటేటా బిగుస్తున్నాయి. "నీకు ఇక్కడ ఒక గది ఉందే అక్కయ్యా" అని ఈసారి నేను చెప్పగలగాలి అనుకున్నాను.

గది లేకపోలేదు. పొడవు 10 అడుగులు, వెడల్పు 8 అడుగులు. తూర్పున సముద్రం వైపు కిటికీ. అయితే అందులో పాత పత్రికలూ, విరిగిన కుర్చీలూ కాపురముంటున్నాయి. నా పింఛనులో 3,500 రూపాయలు పక్కన పెట్టి, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్న మనవరాలినీ మనవడినీ పనిలోకి పిలిచాను. మనవరాలిది ఏడవ తరగతి, మనవడిది నాలుగు.

మనవరాలు ఫోనులో కొన్ని బొమ్మలు చూపించింది. అవి విదేశాలలో సముద్రపు ఒడ్డున కట్టుకున్న కుటీరాల బొమ్మలు. తెల్లని గోడలు, నీలి తెరలు, గోడకు వేలాడే వల, తాళ్ళు, గవ్వలు, "సముద్రం ఇటు" అని రాసిన ఒక చెక్క!

"తాతగారూ, మనమూ ఇలాగే చేద్దాం" అంది.

"కిటికీ తెరిస్తే సముద్రమే కనిపిస్తుంటే, ఆ చెక్క ఎవరికోసం తల్లీ?" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. అప్పుడొక నియమం పెట్టుకున్నాం. గదిలో ఉంచే ప్రతి వస్తువూ అక్కయ్యకు ఉపయోగపడాలి. ఉపయోగపడుతూ అందంగా ఉంటే మరీ మంచిది.

వల సంగతి మా వీధిలోని మత్స్యకారుణ్ణి అడిగాము. "గోడకు వేలాడదీస్తే దుమ్ము పడుతుంది మాస్టారూ. వల నీళ్ళలో ఉంటేనే అందం" అన్నాడతను. మనవడు కాస్సేపు ఆలోచించి, "తాతగారూ, దోమతెర కూడా వలే కదా!" అన్నాడు. పెట్టెలో ఉన్న పాత తెల్ల దోమతెర ఉతికి కట్టాము. గదికి అదే మొదటి అలంకారం.

తరువాత గళ్ళ కాగితం మీద గది పటం గీశాము. అడుగుకు ఒక గడి. మొత్తం 80 గళ్ళు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న మంచానికి 18 గళ్ళ అట్టముక్క కత్తిరించి, పటం మీద ఇటూ అటూ జరిపి చూశాము. బరువైన మంచాన్ని నాలుగుసార్లు ఈడ్చడం కంటే అట్టముక్కను నలభైసార్లు జరపడం తేలిక కదా! అక్కయ్య ఉత్తరానికి తల పెట్టి పడుకోదు. అందుకని కిటికీ పక్కనే, దక్షిణానికి తల వచ్చేటట్టు వేశాము. ఆమె కుడివైపుకు ఒత్తిగిలితే చాలు, సముద్రం కనిపిస్తుంది. నవారు కొత్తది అల్లించి, కోళ్ళ కింద చెక్క దిమ్మలు వేసి, 14 అంగుళాల ఎత్తున్న మంచాన్ని 18 అంగుళాలు చేశాము. మంచం మోకాలి ఎత్తున ఉంటే లేవడం సులువు.

ఇక గోడలు. మా ఇంటివి పాత సున్నపు గోడలు. కాబట్టి రంగు డబ్బాలు కొనక, గుల్ల సున్నం తెప్పించాను. గుల్ల సున్నం దేనితో చేస్తారో తెలుసా? సముద్రంలోనూ ఉప్పుటేరుల్లోనూ దొరికే గుల్లలను బట్టీలో కాలుస్తారు. గుల్లలో చాలా భాగం కాల్షియం కార్బొనేట్. బాగా కాలినప్పుడు అందులోనుంచి బొగ్గుపులుసు వాయువు, అంటే మీ పాఠాలలోని కార్బన్ డయాక్సైడ్, బయటికి పోతుంది. మిగిలినదానిమీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, వేడెక్కి, తడి సున్నం అవుతుంది. ఆ పని పెద్దలే చేయాలి. కంట్లో పడితే చాలా ప్రమాదం.

గోడను తడిపి ఆ సున్నాన్ని పలచగా పూస్తే, మొదట ఏమీ అంటనట్టే ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, మెల్లమెల్లగా మళ్ళీ కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. "అయితే మన గోడ మళ్ళీ గుల్ల అయిపోయినట్టేనా తాతగారూ?" అంది మనవరాలు. అంతే మరి! ఇక గోడకు గవ్వలు అంటించవలసిన పనేముంది?

సున్నంలో చిటికెడు నీలిమందు కలిపాము. సున్నంలో ఉండే పసుపు ఛాయను నీలం అణచివేస్తుంది. తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. బట్టలకు నీలం పెట్టేదీ అందుకే. తెల్లని గోడలు తమమీద పడిన వెలుతురులో చాలా భాగాన్ని తిప్పి పంపుతాయి. కాబట్టి చిన్న గది కూడా విశాలంగా తోస్తుంది.

కిటికీకి నీలి చారల పలచని చేనేత తెర కుట్టాము. పగలు నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లని గాలి వస్తుంది. మందమైన తెర వేస్తే ఆ గాలిని మనమే ఆపినట్టవుతుంది.

మంచం నుంచి తలుపు వరకు గోడవెంట ఒక సరుగుడు కర్ర బిగించి, దానికి కొబ్బరి తాడు దగ్గరదగ్గరగా చుట్టాము. చూడడానికి ఓడ కమ్మీలాగా ఉంటుంది. రాత్రివేళ అక్కయ్య చేయి ఆనించి నడవడానికి ఆసరా అవుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. అందుచేత వడ్రంగి ఇత్తడి మరలు వాడాడు. బట్టల సంచి తగిలించుకోవడానికి ఒక కొయ్య మేకు కొట్టాడు.

మనవడు బుట్టెడు గవ్వలు ఏరుకొస్తానన్నాడు. ఒడ్డున ఒక సన్యాసి పీతను చూపించాను. అది ఖాళీ గుల్లలో దూరి, దాన్నే ఇల్లు చేసుకుని మోసుకు తిరుగుతుంది. "మనం అన్నీ ఏరేస్తే దానికి ఇల్లు దొరకదు" అన్నాడు వాడే. ఏడు చిన్న గుల్లలు మాత్రం, లోపల జీవి లేదని చూసి తెచ్చి, మంచినీళ్ళలో కడిగి కిటికీ గట్టున పెట్టాడు.

లెక్క చూడండి. సున్నం, నీలిమందు, కుంచెలకు 450 రూపాయలు. నవారుకు 900. తెరకూ దుప్పటికీ 1,200. కర్ర, తాడు, మరలు, వడ్రంగి కూలి 550. రాత్రి దీపానికి 120. మంచినీళ్ళ మట్టి కూజాకు 280. కూడితే సరిగ్గా 3,500.

అక్కయ్య వచ్చింది. రాత్రి బండి దిగి వచ్చిందేమో, ఆ పూట సముద్రం చప్పుడు మాత్రమే వింది. తెల్లవారి నేను కాఫీ తీసుకువెళ్ళేసరికి కుడివైపుకు ఒత్తిగిలి, కిటికీలోంచి చూస్తూ ఉంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కూజాలో నీళ్ళు తాగి, "మా అనంతపురంలో ఇంతకంటే చల్లగా ఉంటాయిరా" అంది. నిజమే. కూజా పైకి ఊరిన నీరు ఆవిరైతేనే లోపలి నీరు చల్లబడుతుంది. తేమ గాలిలో నీరు త్వరగా ఆవిరి కాదు. ఆ పాఠం మనవరాలు ఆమెకు చెప్పింది.

పూర్ణిమనాడు మా ఇద్దరి చేతులూ పట్టుకుని అక్కయ్య సముద్ర స్నానం చేసింది. నాలుగు రోజులకని వచ్చి, పదకొండు రోజులు ఉంది. ఒక్కసారైనా "ఇబ్బంది" అన్న మాట ఆమె నోట రాలేదు.

పిల్లలూ! మీ ఇంట్లోనూ ఒక మూల ఖాళీ చేసి చూడండి. ఏమి కొనాలి అని మొదలుపెట్టకండి. ఎవరు వస్తారు, వారికి ఏది కష్టం, ఏది ఇష్టం అని మొదలుపెట్టండి. మిగిలినవి వాటంతట అవే తోస్తాయి.

అక్కయ్య ఊరికి బయలుదేరేటప్పుడు మనవడు కొయ్య మేకుకున్న గుడ్డ సంచి తీసి ఇవ్వబోయాడు. "దాన్ని అక్కడే ఉండనీరా" అంది అక్కయ్య. "వచ్చే మాఘానికి మళ్ళీ తెచ్చుకోవడం ఎందుకు?"